మైక్ సెట్టు యాంప్లిఫైయర్లకి టరెట్ టెర్మినళ్ళు: పెట్టిన డబ్బుకి తగ్గ సరుకేనా?

ముందు మార్కులు చెప్పేస్తాను. టరెట్ టెర్మినల్ అంటే, వైరు చుట్టి అతికించుకోవడానికి బోర్డు మీద బిగించే చిన్న ఇత్తడి పిన్ను. ఆ వస్తువుకి పదికి తొమ్మిది. నేను ఆన్‌లైన్లో తెప్పించుకున్న ప్యాకెట్టుకి పదికి ఐదు. వస్తువు మంచిదే, చేతికొచ్చిన సరుకే తేడా. ఆ తేడా ఏమిటో డబ్బు కట్టకముందే తెలిస్తే మంచిదని ఇదంతా రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం. పాలకొండ రోడ్డు పక్క సందులో సర్వీసింగ్ షాపు. మా నాన్నగారు రేడియోలు బాగుచేసిన బల్ల మీదే నేనిప్పుడు మైక్ సెట్టు యాంప్లిఫైయర్లు విప్పుతున్నాను. అరసవల్లి రథసప్తమికి ముందు, పెళ్ళిళ్ళ సీజన్లో, ఊళ్ళల్లో అమ్మవారి సంబరాలప్పుడు బల్ల మీద చెయ్యి పెట్టే చోటుండదు. ఈ సెట్లు ఇంట్లో షోకేసులో కూర్చునే రకం కాదు. ట్రక్కు ఆటోలో జనరేటరు పక్కన పడుండి, గతుకులన్నీ తిని, రాత్రంతా వాయించి, తెల్లారేసరికి మళ్ళీ అదే ఆటోలో వెనక్కొస్తాయి.

వీటిలో ముందు పోయేవి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లని చాలామంది అనుకుంటారు. అవీ పోతాయి, కాదనను. కానీ నా దగ్గరికొచ్చే వాటిలో వైరు ఊడిన కేసులే ఎక్కువ. మొన్న ఒక కుర్రాడు యాంప్‌ని భుజాన మోసుకొచ్చి బల్ల మీద దభీమని దించాడు. "అక్కా, మల్లీ సౌండు ఆగిపోనాది. పైన ఒక్కటి కొడితే వస్తాది, మల్లీ పోతాది" అన్నాడు. కొడితే వస్తుందంటే జబ్బు సగం తెలిసినట్టే. మూత తీసి స్పీకర్ అవుట్‌పుట్ వైరుని ట్వీజర్‌తో మెల్లగా కదిపాను. వైరుతోపాటు సర్క్యూట్ బోర్డు మీద రాగి కూడా లేచొచ్చింది. కింద ఉత్త హైలం షీటు (బోర్డుకి వాడే గట్టి అట్టలాంటి షీటు), దాని మీద గోధుమరంగు మాడు మచ్చ. అదే చోట ఎవరెవరో ఎన్నిసార్లు కాల్చి అతికించారో ఆ మచ్చే చెబుతోంది.

మామూలు బోర్డు మీద రాగి పొర 35 మైక్రాన్లు ఉంటుంది. మిల్లీమీటరులో దాదాపు ముప్పయ్యో వంతు. చవక బోర్డుల్లో ఆ పొరని జిగురుతో హైలానికి అంటిస్తారు. సోల్డరింగ్ ఐరన్ పెట్టిన ప్రతిసారీ ఆ జిగురు కాస్త వదులుతుంది. వైరు ఊగిన ప్రతిసారీ ఆ ఊపంతా ఈ పల్చటి రాగి మీదే పడుతుంది. రాగి నిలబడ్డా వైరు నిలబడదు. సోల్డరు, అంటే కరిగించి అతికే లోహం, వైరు పోగుల్లోకి పాకి ఎక్కడ ఆగుతుందో, సరిగ్గా అక్కడ వైరు కర్రలా బిగుసుకుపోతుంది. ఊగీ ఊగీ ఆ గీత దగ్గర ఒక్కో పోగూ తెగుతుంది. పైకి ఇన్సులేషన్ బాగానే కనిపిస్తుంది, లోపల రెండు పోగుల మీద కచేరీ నడుస్తూ ఉంటుంది.

అందుకే, మళ్ళీ మళ్ళీ విప్పాల్సిన వైరుని బోర్డు కన్నంలోకి నేరుగా దూర్చి సోల్డరు చెయ్యకూడదు, మధ్యలో ఒక టెర్మినల్ ఉండాలి. నా అభిప్రాయం ఇదే, దీని మీద ఎవరితోనైనా వాదనకి సిద్ధం. ఖరీదైన ఐరన్ కొన్నాక కూడా కంప్లయింట్లు తిరిగొస్తున్నాయంటే చూడాల్సింది ఐరన్‌ని కాదు, వైరు ఎక్కడ నిలబడిందో చూడాలి.

ఇక టరెట్. ఇత్తడితో చేసిన చిన్న స్తంభం, నడుము దగ్గర ఒకటో రెండో గాళ్ళు, పైన టోపీ. మా కుర్రాడు డబ్బా తెరిచి "ఇదేటక్కా, సదరంగం బంటులాగుంది" అన్నాడు. సరిగ్గా అలాగే ఉంటుంది. దాని కాలు బోర్డు కన్నంలో దూర్చి, అడుగున రివిట్ కొట్టి, ఆ పైన రాగికి సోల్డరు చేస్తాం. ఇక ఊపు పడితే ఇత్తడి స్తంభం మీద, బోర్డు మందం మీద పడుతుంది గానీ ఆ పల్చటి రాగి మీద పడదు. వైరు మార్చాలంటే పైన గాడి దగ్గర కాల్చి విప్పుకుంటాం. అడుగునున్న అతుకు జోలికి వెళ్ళే పనే లేదు.

వైరు చుట్టడానికీ లెక్కుంది. ఎలక్ట్రానిక్స్ తయారీకి ఐపీసీ పేరుతో ప్రమాణాలు రాసే సంస్థ ఒకటుంది. 1957లో మొదలైనప్పుడు అది ప్రింటెడ్ సర్క్యూట్ల సంస్థే. వాళ్ళ కఠినమైన లెక్క ప్రకారం టరెట్ చుట్టూ వైరు కనీసం అర చుట్టు, అంటే 180 డిగ్రీలు తిరగాలి. మరీ సన్నవైర్లకి ఇంకా ఎక్కువ. ఇన్సులేషన్ మరీ దూరంగా ఆగి వైరు బోసిగా కనిపించకూడదు, అలాగని కాలి సోల్డరులోకీ దిగకూడదు. నేనైతే ముప్పావు చుట్టు తిప్పి కొస కత్తిరిస్తాను. దాని మీదే మళ్ళీ మళ్ళీ చుట్టి ఉండలా చేస్తే తర్వాత విప్పేవాళ్ళు తిట్టుకుంటారు, ఆ విప్పేదీ మళ్ళీ మనమే. రెండు వైర్లుంటే లావుది కింద గాడిలో, సన్నది పైన. సోల్డరు పోశాక లోపల వైరు ఆకారం బయటికి కనపడాలి. ముద్దలా కప్పేస్తే అతుక్కుందో లేదో తెలిసే దారి ఉండదు.

ఇప్పుడు నా ప్యాకెట్టు సంగతి. వంద పిన్నులు, ఒక్కోటీ ఏడెనిమిది రూపాయలు పడింది. ఫొటోలో తళతళలాడాయి. వచ్చాక చూస్తే కాళ్ళు పొడుగు. మన బోర్డుల మందం సాధారణంగా 1.6 మి.మీ. ఈ పిన్నులేమో 3 మి.మీ. షీటుకి చేసినవి. విదేశాల్లో గిటార్ వాయించేవాళ్ళ కోసం వాల్వు యాంప్లిఫైయర్లు చేత్తో కట్టే వాళ్ళుంటారు, వాళ్ళు 3 మి.మీ. షీటు మీద టరెట్లు కొట్టుకుంటారు. ఆ సరుకే ఇక్కడ అందరికీ అమ్మేస్తున్నారు. కాలు పొడుగైతే రివిట్ కొట్టినప్పుడు అంచు విచ్చుకోవడానికి బదులు కాలే ఒంగుతుంది, పిన్ను వదులుగా తిరుగుతుంది. తిరిగే పిన్ను మీద సోల్డరు పోస్తే కొన్నాళ్ళకి అడుగున గుండ్రంగా చీలిక వస్తుంది. మళ్ళీ అదే లూజు కాంటాక్టు, కాకపోతే ఇంకొంచెం ఖరీదైనది.

అమ్మినవాళ్ళని అడిగితే "కొలత వివరాల్లో ఉంది కదా" అన్నారు. వివరాల్లో ఉన్నది మొత్తం ఎత్తు. కాలు పొడుగెంతో, ఎంత మందం బోర్డుకి సరిపోతుందో ఎక్కడా లేదు. తిరిగి పంపుతానంటే ప్యాకెట్టు తెరిచారు కాబట్టి కుదరదన్నారు. తెరవకుండా కాలు కొలవడం ఎలాగో వాళ్ళే చెప్పాలి.

రెండో లోపం పూత. ఇత్తడిలో జింకు ఉంటుంది. ఇత్తడి మీద నేరుగా తగరం పూత పూస్తే, ఆ జింకు మెల్లగా పూతలోంచి పైకొచ్చేస్తుంది. అప్పుడు సోల్డరు పట్టకుండా జారిపోతుంది. అది రాకుండా మంచి కంపెనీలు మధ్యలో రాగి పొరో నికెల్ పొరో వేస్తాయి. ఈ ప్యాకెట్టులో కొన్ని పిన్నులు మసకగా ఉన్నాయి. వాటి మీద సోల్డరు పరుచుకోకుండా పూసలా నిలబడిపోయింది. గీకి, ఫ్లక్సు (సోల్డరు పట్టడానికి రాసే మందు) రాసి, ముందే తగరం పట్టించాక దారికొచ్చాయి. ఒకటీ అరా అయితే సరే, వంద పిన్నులు గీకుతూ కూర్చోవడానికి నాకు వేరే పనులున్నాయి.

తర్వాత 1.6 మి.మీ. బోర్డుకని కాలు కొలత అడిగి మరీ ఇంకోచోట కొన్నాను. అవి చక్కగా కూర్చున్నాయి. కీస్టోన్, మిల్‌మాక్స్ లాంటి కంపెనీల టరెట్లకి ఏ బోర్డు మందానికి ఏ కాలో పట్టిక ఉంటుంది, రేటు ఎక్కువైనా ఆ తలనొప్పి ఉండదు. మన ఊళ్ళో షాపుల్లో టరెట్ అంటే "అదేటి?" అనే అడుగుతారు. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో తెలిసినవాళ్ళుంటే వెతికించుకోవచ్చు. లేదంటే కొరియరే గతి.

బిగించేటప్పుడు ఒకటి రెండు జాగ్రత్తలు. రివిట్ కొట్టడానికి సుత్తి పట్టుకుని ఠపీమని బాదకండి, హైలం పగులుతుంది. నేను డ్రిల్లింగ్ స్టాండులో మోటారు ఆపేసి, చక్‌లో సెంటర్ పంచ్ బిగించి, హ్యాండిల్‌తో కిందికి నొక్కుతాను. పిన్ను తల కింద కన్నం పెట్టిన ఇనుప ముక్క. అంచు గరాటులా విచ్చుకుంటే చాలు, ఆపేస్తాను. అడుగున రాగి ఉన్నప్పుడు అంచుని పూర్తిగా మడిచి బిగిస్తే రాగి చిట్లుతుంది. గరాటులా వదిలేస్తే సోల్డరు లోపలికి కూడా పారుతుంది. ఐరన్ విషయానికొస్తే 25 వాట్లది దీనికి చాలదు. ఇత్తడి స్తంభం వేడంతా లాగేసుకుంటుంది, మీరు పెట్టి పెట్టి బోర్డు మాడ్చేస్తారు. 60 వాట్లది, వెడల్పు బిట్టు, రెండు మూడు సెకన్లలో పని అయిపోవాలి. సోల్డరు 63/37 వాడండి, అంటే 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం. అది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గడ్డకడుతుంది. 60/40 అయితే మధ్యలో కాసేపు పేస్టులా ఉంటుంది, ఆ క్షణంలో చెయ్యి కదిలితే డ్రై సోల్డరే, అంటే సరిగా అంటని అతుకే. రెండిట్లోనూ సీసం ఉంటుంది, చేతులు కడుక్కోకుండా టీ గ్లాసు ముట్టుకోవద్దని మా కుర్రాడికి రోజూ చెబుతూనే ఉంటాను, వాడు రోజూ మర్చిపోతూనే ఉంటాడు.

టరెట్లతోపాటు అదే పార్సిల్లో ఫోర్కు టెర్మినళ్ళు కూడా కొన్ని తెప్పించాను. రెండు కొమ్ములు పైకి లేచి ఉంటాయి, మధ్యలోంచి వైరు పోతుంది. ఒకదాని మీద ఒకటి నాలుగైదు వైర్లు పేర్చుకోవచ్చు. రెసిస్టరు మార్చి మార్చి విలువ సరిచూసుకునే పనికి భలే సుఖం, చుట్టు విప్పే పని లేదు, కాల్చి పైకి లాగేస్తే వచ్చేస్తుంది. ఆ సుఖమే మనకి కష్టం కూడా. చుట్టు లేదు కాబట్టి వైరుని పట్టి ఉంచేది సోల్డరొక్కటే. ఆటోలో ఎగిరెగిరిపడే యాంప్‌కి నేను వాడను. బల్ల మీద టెస్టింగ్ బోర్డుకి మాత్రం వాడుతున్నాను, అక్కడ పదికి ఎనిమిది.

హుక్ టెర్మినళ్ళ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సీలు వేసిన పాత రిలేల అడుగున కొక్కేల్లా ఉంటాయి, వాటి చుట్టూ వైరు తిప్పి సోల్డరు చెయ్యడమే. కొనాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

మనందరికీ రోజూ తగిలేది కన్నమున్న రేకు టెర్మినల్. స్పీకరు వెనక, వాల్యూమ్ కంట్రోలు మీద, మైకు వైరు గుచ్చే పీ-38 జాకులో ఉండేది అదే. చూడ్డానికి ఏమీ లేదు, కానీ అందరూ పాడుచేసేదీ దీన్నే. కన్నం ఎందుకు పెట్టారో ఆలోచించకుండా రేకు మీద వైరు ఆనించి ఒక బొట్టు వేసేస్తారు. వైరుని కన్నంలోంచి దూర్చి, మడిచి, అప్పుడు సోల్డరు చెయ్యాలి. నాన్నగారి కాలం వాల్వు రేడియోలు ఇప్పటికీ ఒకటో రెండో అటక మీద ఉన్నాయి. లోపల ట్యాగ్ స్ట్రిప్పులే (ఇలాంటి రేకులు వరసగా బిగించిన పట్టీలు), ప్రింటెడ్ బోర్డు ఊసే లేదు. ప్రతి వైరూ రేకు కన్నంలో మెలిక తిరిగి ఉంటుంది. దుమ్ము పట్టింది, కెపాసిటర్లు పోయాయి గానీ అతుకులు మాత్రం ఒక్కటీ ఊడలేదు. ఒక్క మాట, స్పీకరు రేకు దగ్గర ఐరన్ ఎక్కువసేపు ఉంచితే రేకుని పట్టి ఉంచిన ఫైబరు కాలి రేకే ఊగుతుంది. బాస్ కొట్టినప్పుడు గరగరమని శబ్దం వస్తే కోన్ చిరిగిందని అందరూ అనుకుంటారు. ముందు ఆ రేకు చూడండి.

కప్పు టెర్మినల్‌కి మైకు కనెక్టరే ఉదాహరణ. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ విప్పితే వెనక సగం కోసిన గొట్టాల్లాంటివి మూడు ఉంటాయి. ఒకటో పిన్ను షీల్డు, రెండు, మూడు సిగ్నలు. ఇక్కడ పద్ధతి తిరగేసి ఉంటుంది. ముందు కప్పులో సోల్డరు కరిగించి, అది ద్రవంగా ఉండగానే తగరం పట్టించిన వైరుని అడుగు తగిలేదాకా దింపి, ఐరన్ తీసి, గడ్డకట్టేదాకా వైరు కదలకుండా పట్టుకోవాలి. వైరు ముందు పెట్టి పైనుంచి సోల్డరు పోస్తే పైన మూతలా కట్టి లోపల ఖాళీ మిగులుతుంది. కప్పు నిండి బయటికి కారితే పక్క పిన్నుకి తగిలి హమ్ మొదలవుతుంది. సరిగా చేసుకుంటే ఇంత గట్టి అతుకు ఇంకోటి లేదు. కొనేటప్పుడు మాత్రం చవకవి వద్దు. ఐరన్ పెట్టగానే వాటి లోపలి ప్లాస్టిక్కు మెత్తబడి పిన్ను ఒరిగిపోతుంది, తర్వాత సాకెట్టులో దూరదు.

"టరెట్లెందుకు, స్క్రూ కనెక్టరు పెట్టేస్తే పోలేదా?" అని మా దగ్గరికొచ్చే టెంట్ హౌస్ ఆయన అడిగారు. పీబీటీ కనెక్టరు, 5.08 మి.మీ. దూరంతో ఆకుపచ్చగానో నీలంగానో ఉండేది. దాన్ని తీసిపారెయ్యను, ఐరన్ లేనిచోట వైరు మార్చుకోవాలంటే అదే దిక్కు. కానీ మనవాళ్ళకి ఒక అలవాటుంది, వైరు కొసకి సోల్డరు పట్టించి స్క్రూ కింద పెడతారు. సోల్డరు మెత్తటిది, స్క్రూ ఒత్తిడికి మెల్లగా అణిగి పక్కకి జరుగుతుంది. బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది, సీజన్ సగంలో వదులవుతుంది, తర్వాత వేడెక్కి ప్లాస్టిక్కు కరుగుతుంది. స్క్రూ కిందికైతే పోగులు వట్టిగానే పెట్టండి, లేదా పిన్ లగ్గు (వైరు కొసకి తొడిగే చిన్న లోహపు ముక్క) నొక్కి బిగించి పెట్టండి. రిలీమేట్ కనెక్టర్లు, అంటే బోర్డు పిన్నుల మీద గుచ్చే చిన్న ప్లాస్టిక్ కనెక్టర్లు, సిగ్నలు వైర్లకి, ఎల్ఈడీలకి బాగుంటాయి. స్పీకరు అవుట్‌పుట్‌కి వాటిని పెట్టిన యాంప్‌లు కూడా నా బల్ల మీదికి వచ్చాయి, నల్లగా మాడి.

తోసి గుచ్చే 6.3 మి.మీ. థింబుల్ రేకులు ట్రాన్స్‌ఫార్మరు వైర్లకీ బ్యాటరీకీ మంచివే. కాకపోతే కళింగపట్నం వైపు, సముద్రం గాలి తగిలే ఊళ్ళ నుంచి వచ్చే సెట్లలో వాటి మధ్య పచ్చటి చిలుం పేరుకుని ఉంటుంది. తోస్తే కూర్చునే ఏ కనెక్టరుకైనా ఉప్పుగాలి శత్రువే. ఆ వైపు సెట్లకి నేనిప్పుడు అవుట్‌పుట్ వైర్లన్నీ టరెట్లకే చుట్టి, సోల్డరు చేసి, ఫ్లక్సు తుడిచి, పైన వార్నిష్ రాస్తున్నాను. అలా పంపినవేవీ ఇంతవరకు వైరు ఊడి వెనక్కి రాలేదు.

మొత్తం మీద అన్ని వైర్లకీ టరెట్లు అక్కర్లేదు. యాంప్‌లో స్పీకరు అవుట్‌పుట్, సప్లై, మెయిన్ ఎర్త్, ఈ మూడు చోట్ల పెడితే చాలు. ఖర్చు ఒక టీ, బజ్జీ ఖరీదులో తేలిపోతుంది. కొనేముందు కాలు ఎంత మందం బోర్డుకో, కన్నం ఎంత వ్యాసం ఉండాలో, తగరం కింద ఏ పొర ఉందో అడగండి. మూడింట్లో దేనికీ జవాబు రాకపోతే ఆ దుకాణం వదిలెయ్యండి.

నా దగ్గర మిగిలిన పొడుగు కాళ్ళవి కూడా వృథా పోలేదు. 3 మి.మీ. హైలం షీటు పట్టీలు కోసి, వాటి మీద కొట్టి, షాసీకి బోల్టుతో బిగిస్తున్నాను. బయటి వైర్లన్నీ ఆ పట్టీకే వస్తాయి, అక్కణ్ణుంచి బోర్డుకి చిన్న ముక్క వైరు. పాత ట్యాగ్ స్ట్రిప్పు పద్ధతే. ఇంకా సగం డబ్బా ఉంది, ఆ మందం షీటుతో పనున్నవాళ్ళు షాపుకొస్తే కొన్న రేటుకే ఇచ్చేస్తాను. మసకబారినవి మాత్రం ఊరికే తీసుకెళ్ళొచ్చు, గీక్కునే ఓపికుంటే.